కాపలా కుక్క : దాని మనస్సు, దాని శిక్షణము

మన సంఘ పత్రికయందు విత్తనములను గుఱించియు, ఎరువులను గుఱించియు, పాడిపశువుల మేతను గుఱించియు వ్రాయుట వాడుక. కుక్కను గుఱించి వ్రాయుట కొందఱికి వింతగా తోచవచ్చును. కాని మన నగరము, మామిడికుదురు ప్రాంతములయందు రాత్రివేళ రైతు సొత్తును కాయుచున్న వారెవ్వరని విచారించినయెడల ఆ వింత తొలగిపోవును. తోటలో రాసిపోసిన కొబ్బరికాయను, రొయ్యల చెఱువుగట్టుమీది మేత బస్తాలను, మకాములోని పశువులను కాయుచున్నది జీతము లేని కుక్కయే. పాలేరు జీతమును, గేదె దాణాను పైసలతో లెక్కవేయు రైతు కుక్క విషయమున మాత్రము లెక్క మఱచును. మిగిలిన యన్నము పెట్టును; కోపము వచ్చినపుడు కఱ్ఱ యెత్తును; తక్కిన వేళల దానిని గొలుసునకు కట్టి మఱచిపోవును.

ఇట్లు పెరిగిన కుక్కవలన లాభముకంటె నష్టమే మెండు. రాత్రి వచ్చు దొంగకు అది యెంతవఱకు అడ్డపడునో చెప్పజాలము గాని, గొలుసు తెగిననాడు ప్రక్కయింటి పసివానిని కఱచుటకు మాత్రము అది సిద్ధముగా నుండును. కుక్కకాటు ఇంటిలో ముగియు వ్యవహారము కాదు. ఆసుపత్రి తిరుగుడు, ఇరుగుపొరుగుతో వైరము, ఒక్కొక్కప్పుడు ప్రాణనష్టము దానివెంట వచ్చును. కావున సభ్యసోదరులు ఈ విషయమును వేడుకకొఱకు వ్రాసినదిగా నెంచక, సేద్యపు పనిలో నొక భాగముగా నెంచి చదువగోరుచున్నాము.

జోనంగి

శిక్షణము పొందిన కుక్క యనగానే పోలీసు జాగిలమో, పట్టణవాసులు వేలకొలది రూపాయలు పోసి కొను సీమజాతియో మన తలపునకు వచ్చును. మన తీరమునందే యుండి, మన రైతులయొద్దనే పని నేర్చిన జాతి యొకటి కలదు. దానిని జోనంగి యందురు. గోదావరి, కృష్ణా ప్రాంతములయందు, ముఖ్యముగా కొల్లేటి సరస్సు పరిసరములయందు ఈ జాతి ప్రసిద్ధము. నున్నని పొట్టి వెండ్రుకలు, బిగువైన సన్నని శరీరము దీని లక్షణములు. నేలయందు గోతిని త్రవ్వుకొని దానిలో పరుండుట దీని యలవాటు. తక్కిన కుక్కలవలె మొఱుగుటకంటె రాగము తీసినట్లు కూయుట దీని విశేషము. వేటకును, బాతుల మందలను తోలుటకును దీనిని వాడెడివారు. సరస్సు చుట్టునుగల భూములు చేపల చెఱువులుగా మాఱినకొలది బాతుల పెంపకము తగ్గి, ఆ పనితోబాటు ఆ జాతియు క్షీణించినది.

బాతులను తోలు కుక్క పని యెట్టిదో యాలోచింపుడు. బాతు మెల్లగా నడచును, త్వరగా బెదరును. కుక్క మఱీ దగ్గఱకు పోయినచో మంద చెల్లాచెదరగును. మఱీ దూరముగా నిలిచినచో కదలనే కదలదు. పంటితో తాకినచో యజమానునికి నష్టము. వేటాడుటకే పుట్టిన ప్రాణి, వేట కంటియెదుట నుండగా కఱవక, యజమానుని సన్నను గమనించుచు నడచుకొనవలయును. ఇట్టి నేర్పు దెబ్బలకు వచ్చునది కాదని మా యభిప్రాయము. దెబ్బకు భయపడిన కుక్క యజమానుని చేతిని చూచునుగాని మందను చూడదు. చదువెఱుగని బాతుల కాపరులు ఏ శిక్షణశాలకును పోక ఇంత సున్నితమైన పనిని కుక్కచేత చేయించుకొనిరనగా, కుక్క మనస్సును వారు చక్కగా ఎఱిగినవారే యనవలయును.

జోనంగి లేనివారు చింతింపనక్కఱలేదు. వీధిలో తిరుగు నాటుకుక్క తెలివి తక్కువది కాదు. కలకత్తా చెంతనున్న ఐసర్ విద్యాసంస్థలో ఆచార్య అనిందితా భద్రగారును, వారి శిష్యులును మనదేశపు వీధికుక్కలను గుఱించి యేండ్ల తరబడి పరిశోధనలు జరుపుచున్నారు. మూతపెట్టిన రెండు గిన్నెలను నేలనుంచి, ఎన్నడు నెఱుగని మనుష్యుడొకడు వానిలో నొకదానిని వ్రేలితో చూపగా, దగ్గఱకు వచ్చిన కుక్కలలో నూటికి సుమారు 80 ఆ చూపిన గిన్నెయొద్దకే పోయినవని 2020లో వారు ప్రకటించిరి. వానికి ఎవ్వరును నేర్పలేదు. దగ్గఱకు రాక దూరముననే నిలిచిపోయిన కుక్కలును పెక్కు కలవు. అవి బెదరుచు, అనుమానించుచు కనబడినవట. అవి తెలివిలేనివి కావు, మనుష్యుని చేతి రుచి మునుపే చూచినవి కాబోలు.

అదే బృందము 2017లో ప్రకటించిన మఱియొక పరిశోధన మనకు మఱింత యుపయోగకరము. కొన్ని వీధికుక్కలకు ఒక క్రొత్తమనిషి పలుమాఱులు తిండి పెట్టెను. మఱికొన్నిటిని తిండికి మాఱుగా తల నిమిరెను. కొంతకాలమునకు చూడగా, తిండి తిన్న కుక్కలకంటె నిమిరించుకొన్న కుక్కలే ఆ మనిషిని హెచ్చుగా నమ్మినవి. రేపటి కూటికి ఠికానా లేని వీధికుక్కకు అన్నముకంటె ఆదరణ హెచ్చుగా పట్టుబడుట గమనింపదగినది.

కుక్కకు కావలసినవి

కుక్క మనుష్యుని చేరి కనీసము పదునైదువేల సంవత్సరములైనదని శాస్త్రజ్ఞులందురు. జర్మనీదేశమున బాన్ పట్టణము చెంత 1914లో దొరికిన యొక సమాధిలో స్త్రీపురుషుల యస్థులతోబాటు ఏడునెలల కుక్కపిల్ల యెముకలును దొరికినవి. ఆ సమాధి సుమారు 14,000 సంవత్సరముల నాటిది. ఆ పిల్లకు కడుపుజబ్బుతో కూడిన యంటురోగము పలుమాఱులు వచ్చినదనియు, మనుష్యులు దగ్గఱనుండి సేవచేయనిదే అది అన్ని వారములు బ్రతికియుండెడిది కాదనియు 2018లో దాని పండ్లను పరీక్షించినవారు తేల్చిరి. రోగముతోనున్న పసికుక్క వేటకుగాని కాపలాకుగాని పనికిరాదు. ఐనను వారు దానిని పోషించిరి.

ఇన్నివేల యేండ్లు మనతో కూడియుండుటచేత కుక్కకు మనుష్య సహవాసము అన్నమువలెనే అవసరమైనది. పగలంతయు తోటమూల గొలుసునకు కట్టబడి, మనుష్యముఖము చూడక, మాట వినక యుండు కుక్క మొఱిగి మొఱిగి గొంతు పోగొట్టుకొనుటయు, తన కాలిని తానే నాకి పుండు చేసికొనుటయు, ఉన్నచోటనే గిఱగిఱ తిరుగుటయు కలదు. దానిని మనవారు "పొగరు" అందురు. అది పొగరు కాదు, దిగులు.

సహవాసము తరువాత దానికి కావలసినది నిద్ర. కుక్క దినమున సగభాగమో, అంతకు మించియో నిద్రించును. రాత్రి కాపలా కాయుదానికి పగలు నిద్ర మఱియు నవసరము. పిల్లలు తోక లాగని చల్లని మూల యొకటి దానికి విడిచిపెట్టవలయును. కుక్కకు మనవలె ఒడలంతయు చెమటపట్టదు. నోరుతెఱచి రొప్పుటచేతనే అది వేడిమిని పోగొట్టుకొనును. వైశాఖ జ్యేష్ఠములయందు రేకుల పాకక్రింద కట్టిన కుక్క పడు బాధ యింతింత కాదు. మట్టి మూకుడులో నీరు నిండుగా నుండవలయును. నీడ మాట వచ్చినది గనుక నొక్కమాట: నీడకొఱకని ముదురుకాయ గల కొబ్బరిచెట్టు మొదటనే కుక్కను కట్టువారు కలరు. ఆ చెట్టుక్రింద తాము మంచము వేసికొందురేమో వారే చెప్పవలయును.

మూడవది పని. కుక్కకు ముక్కే కన్ను. తోటచుట్టు యజమానుని వెంట ఉదయము నొకమాఱు, సాయంకాలము నొకమాఱు తిరిగి, పందికొక్కు బొరియలను, రాత్రి యెవ్వరు నడచినదియు వాసన చూచుకొని వచ్చిన కుక్కకు మనస్సు నెమ్మదించును. ఇది దానికి విహారము, మనకు తనిఖీ.

కొట్టుటవలన నేర్చుకొనునదేమి?

మహాభారతము ఆదిపర్వమున కథ యెక్కడ నారంభమగుచున్నదో చదువరు లెఱుగుదురు. జనమేజయుడు యజ్ఞము చేయుచుండగా అక్కడికి వచ్చిన సారమేయమను కుక్కపిల్లను అతని తమ్ములు నిష్కారణముగా కొట్టిరి. అది యేడ్చుచు తల్లియైన సరమతో చెప్పుకొనగా, సరమ రాజసభకు వచ్చి, నా బిడ్డ యేమి తప్పు చేసెనని యడిగెను. ఎవ్వరును బదులు చెప్పలేకపోయిరి. అంతట ఆమె, ఎదురుచూడని భయము మీకు వచ్చునుగాక యని శపించి పోయెను. తెనుగున భారతమును మొదలిడిన నన్నయభట్టు, మన గోదావరి గట్టున రాజమహేంద్రవరమున, పదునొకండవ శతాబ్దమున ఈ కథను మనకందించెను. సరమ ప్రశ్న నేటికిని మన వాకిటనున్నది. కొట్టిన ప్రతిమాఱు, ఏ తప్పునకు కొట్టితిమో కుక్కకు తెలిసినదా?

తరచుగా తెలియదు. ఉదాహరణము చూడుడు. మధ్యాహ్నము కుక్క కోడిపిల్లను చంపినది. సాయంకాలము యజమానుడు పొలమునుండి వచ్చి, సంగతి విని, కుక్కను పిలిచెను. అది తోక యూపుచు వచ్చెను. వచ్చినదానిని పట్టుకొని కొట్టెను. కుక్కకు తెలిసినదేమనగా, పిలిచినపుడు పోయినచో దెబ్బలు తినవలసివచ్చునని. కోడిపిల్లకును ఈ దెబ్బలకును సంబంధమున్నట్లు అది యెఱుగదు. మఱునాటినుండి అది పిలిచిన రాదు. యజమానుడు దానికి విశ్వాసము లేదని మఱల కొట్టును. కుక్క తాను చేసిన పనికిని, వెనువెంటనే జరిగినదానికిని మాత్రమే ముడివేసికొనును. ఆ నడుమ ఒకటి రెండు క్షణములకు మించినయెడల ముడి పడదు. రష్యాదేశపు పావ్లోవ్ పండితుడు, శబ్దము వినిపించి వెంటనే అన్నము పెట్టగా పెట్టగా, శబ్దము వినినంతమాత్రమున కుక్క నోట లాలాజలము ఊరునని చూపిన పరీక్షలన్నియు ఈ ముడిని గుఱించినవే.

"కాని కొట్టబోవునపుడు తప్పు చేసినదానివలె తల వంచునే?" యని కొందఱడుగుదురు. న్యూయార్కు నగరమున అలెగ్జాండ్రా హొరోవిట్స్ అను విదుషి దీనినే పరీక్షించి 2009లో ఫలితములు ప్రకటించెను. తినవద్దన్న పదార్థమును తిన్న కుక్కయు, తినని కుక్కయు, యజమానుడు గద్దించినపుడు ఒకేవిధముగా తలవంచి, చెవులు వాల్చి, చూపు తప్పించినవి. ఏ తప్పును చేయక గద్దింపబడిన కుక్కలలోనే ఆ వాలకము హెచ్చుగా కనబడినది. అనగా అది తప్పొప్పుకోలు కాదు; మన ముఖమందలి కోపమును చూచి బెదరుట.

కొట్టగా కొట్టగా కుక్క చెప్పుచేతలలోనికి వచ్చినదని చెప్పువారును కలరు. ఒక్కొక్కప్పుడు అట్లే కనబడును. 1967లో అమెరికాదేశమున సెలిగ్మన్, మెయిర్ అను వారు చేసిన పరీక్ష యొకటి కలదు. కొన్ని కుక్కలకు తప్పించుకొను వీలులేకుండ విద్యుత్తుతో నొప్పి కలిగించిరి. తరువాత వానిని చిన్న అడ్డును దాటినచో నొప్పి తప్పునట్టి చోట నుంచిరి. క్రొత్త కుక్కలు వెంటనే దాటినవి. మునుపు బాధపడినవానిలో పెక్కు మూలుగుచు అక్కడనే పడియున్నవి. తాము ఏమి చేసినను ప్రయోజనము లేదని అవి నేర్చుకొన్నవి. ఇట్టి క్రూరపరీక్షను మేము మెచ్చుకొనుట లేదు గాని, అది చెప్పిన సత్యమును విడువరాదు. దెబ్బలచేత అణగిన కుక్క బుద్ధి తెచ్చుకొన్న కుక్క కాదు, ఆశ విడిచిన కుక్క. అట్టిది దొంగ వచ్చిననాడు మూల నక్కి పడుకొన్న నేమి యాశ్చర్యము?

పోర్చుగల్ దేశమున 92 పెంపుడుకుక్కలను పరీక్షించి 2020లో ప్రకటించిన పరిశోధనయందు, గద్దించి గుంజి నేర్పు శిక్షణశాలలలోని కుక్కల లాలాజలమున భయాందోళనలను సూచించు ద్రవ్యము శిక్షణానంతరము హెచ్చుగా కనబడినదనియు, ఆదరణతో నేర్పిన కుక్కలలో అట్లు లేదనియు తేలినది.

ఇక "కుక్కకు మనము నాయకులమని తెలియజేయవలె, లేనిచో అది మనమీద పెత్తనము చేయును" అను సిద్ధాంతమును ముచ్చటించి విడుతము. ఇది తోడేళ్ళనుండి వచ్చినది. షెంకెల్ అను శాస్త్రజ్ఞుడు స్విట్జర్లాండు దేశపు జంతుశాలలో తెచ్చిపెట్టిన తోడేళ్ళు పెత్తనముకొఱకు పోరాడుటను చూచి 1947లో గ్రంథస్థము చేసెను. డేవిడ్ మీచ్ అను అమెరికా పండితుడు 1970లో తన గ్రంథముచేత ఆ భావమును వ్యాపింపజేసెను. తరువాత అడవిలో స్వేచ్ఛగా తిరుగు తోడేళ్ళను ఏండ్ల తరబడి చూచి, అడవి మంద యనగా తల్లిదండ్రులును వారి పిల్లలును గల కుటుంబమేగాని పోరాడి గెలిచిన పెత్తందారు గుంపు కాదని 1999లో ఆయనయే దిద్దుకొనెను. దొడ్డిలో మూసిన తోడేళ్ళను చూచి ఇంటి కుక్కను కొట్టుట యెంత యుక్తమో చదువరులే యోజింపగలరు.

నేర్పు విధము

మంచిని చేసినపుడు వెంటనే మెచ్చుకొనుము, చెడును చేయు నవకాశము నీయకుము: విధానమంతయు ఇంతే. మెచ్చుకోలునకు ఖర్చులేదు. ఎండుచేప తల, కొబ్బరిముక్క, అన్నపు ముద్ద, ఏదైనను వ్రేలిగోరంత చాలును. దినమునకు రెండు మూడు మాఱులు, మాఱునకు అయిదు నిమిషములు మించనక్కఱలేదు. ఆకలిగానున్న వేళ, భోజనమునకు ముందు నేర్పుట మేలు. చేప ముండ్లును, ఉడికిన కోడియెముకలును మాత్రము పెట్టరాదు. అవి గొంతునకును ప్రేగులకును గ్రుచ్చుకొనును. ఉల్లిపాయ కుక్కకు విషతుల్యము.

మొదట నేర్పవలసినది పిలిచిన వచ్చుట. ఇంటిలో, వేఱు సందడి లేనిచోట, రెండడుగుల దూరమున పేరుపెట్టి పిలిచి, ముఖము త్రిప్పినంతనే ముక్క పెట్టవలయును. పిమ్మట పెరటిలో, ఆపైన తోటలో, తుదకు వీధిలో. ఒక మెట్టు కుదురక రెండవ మెట్టు ఎక్కరాదు. వచ్చినదానిని ఎన్నడును తిట్టరాదు. ఎంత ఆలస్యముగా వచ్చినను వచ్చినందుకు సంతోషింపవలయును. ఇంటిల్లిపాదియు ఒకే మాట వాడవలయును. ఇప్పటి యిండ్లలో ఇల్లాలు "ఇటురా" యనును, తాత "ఛో" యనును, కళాశాలకు పోవు కుఱ్ఱవాడు "కమాన్" అనును. కుక్కకు మూడు భాషలు రానందుకు దెబ్బలు కొట్టుట న్యాయము కాదు.

కోళ్ళను తఱుము కుక్కకు ఇట్లు చేయవచ్చును. పొడుగైన పలుపుతో కట్టి, కోళ్ళు దూరమున కనబడుచోట నిలుపవలయును. అది కోడిని చూచి మరల మన ముఖమును చూచిన క్షణముననే ముక్క పెట్టవలయును. కొన్నిదినములకు కోడి కనబడగానే అది మనవైపు చూచుట మొదలిడును. అప్పుడు రెండడుగులు దగ్గఱకు జరుగవలయును. ఒక్కదినమున ముగియు పని కాదు. రెండు మూడు వారములు పట్టును. ఈ మూడు వారములును కుక్కను విడిచిపెట్టి కోళ్ళమధ్యకు పంపినయెడల చేసిన పని నీళ్ళపాలగును.

మన ప్రాంతమున మఱియొక చిక్కు కలదు. నెలన్నరకో రెండునెలలకో ఒకమాఱు దింపు తీయువారు తోటకు వత్తురు. వారివెంట ఒలుపువారు వత్తురు. చేత కత్తి, క్రొత్త చెమట వాసన, చెట్టుపైనుండి కాయలు పడు చప్పుడు: కుక్కకు ఇంతకంటె భయహేతువేమి కావలయును? వారిని కఱచుటయు, వారు ఱాళ్ళు విసరుటయు, మఱుసటి దింపునాటికి కుక్క మఱింత క్రూరమగుటయు జరుగుచున్నది. దీనికి ఉపాయమేమనగా, వారు వచ్చునప్పటికే కుక్కను కంటికి దూరముగా ఇంటియొద్ద నుంచి, పని ముగిసిన తరువాత వారిలో నొకనిచేత దూరమునుండి నాలుగు ముక్కలు నేలమీద వేయించవలయును. కుక్క కంటిలోనికి చూడక, ప్రక్కకు తిరిగి నిలుచుండి వేయుమని చెప్పవలెను. మూడు నాలుగు దింపులు గడచుసరికి వారి రాక దానికి పండుగయగును. కాపలా చెడునేమో యను శంక వలదు. పరిచితుని పగలు గుర్తెఱిగిన కుక్కయే రాత్రి యపరిచితుని త్వరగా గుర్తించును. అందఱిని చూచి మొఱుగు కుక్క మాటను ఇంటివారే లక్ష్యపెట్టరు.

గొలుసు

కట్టకుండ విడిచిన కుక్కవలన బాధ కలుగునను మాట నిజమే. కాని ఎల్లప్పుడును కట్టియుంచుట తగదు. ఇది దయకు మాత్రమే సంబంధించిన మాట కాదు. 1960వ సంవత్సరపు జంతుహింస నివారణ శాసనము 11వ సెక్షనుయందు, నిత్యము గొలుసుతో కట్టిగాని ఇఱుకుచోట మూసిగాని యుంచిన కుక్కను తగినంత త్రిప్పకుండుట నేరములలో నొకటిగా చెప్పబడినది. రెండు చెట్లనడుమ తలయెత్తున గట్టితీగను లాగి కట్టి, దానికొక కడియము తగిలించి, ఆ కడియమునకు గొలుసు కట్టినయెడల కుక్క ఇటునుండి అటు నడచును. తీగకు ఇరువది అడుగుల పొడవైన నుండవలెను. తోట చుట్టును కంచె గలవారు రాత్రి విడిచి, పగలు కొంతసేపు మాత్రము కట్టుట ఉత్తమము.

చప్పుళ్ళ సంగతి ఇక్కడనే చెప్పవలయును. మన చెవికి వినరాని సన్నని ధ్వనులుకూడ కుక్కకు వినబడును. దీపావళి బాణసంచాకును, కనుమనాడు జగ్గన్నతోట ప్రభలతీర్థమునకు పోవు బాటపొడవున కాల్చు మందుగుండునకును, ఉఱుములకును కుక్కలు వణకుచు మంచములక్రింద దూరును. గొలుసు త్రెంపుకొని పాఱిపోవును. దాని పిఱికితనమును చూచి నవ్వరాదు. 2014 జూన్ 27 తెల్లవాఱుజామున నగరములో వాయువు గొట్టము ప్రేలి నిండు ప్రాణములు మంటలపాలైన దినమును ఎఱిగినవారికి, ఒక చప్పుడు మనస్సులో ఎన్నాళ్ళు నిలిచియుండునో మేము చెప్పనక్కఱలేదు. అట్టి వేళల కుక్కను లోనికి రానిచ్చి, తలుపుమూసి, ప్రక్కను కూర్చుండవలెను. ఓదార్చుటవలన భయము పెరుగునను మాట సరికాదు.

గోదావరి వరదలకు లంకగ్రామములు ఖాళీ చేయుదినమునను, తుఫాను హెచ్చరిక వచ్చిన దినమునను పశువుల పలుపులు విప్పువారు కుక్క గొలుసును మఱచుట కలదు. 1986 ఆగస్టు వరదను, 1996 నవంబరు తుఫానును, 2022 జూలై వరదను చూచిన కోనసీమకు ఇది చిన్నమాట కాదు. వెంట తీసికొనిపోలేనివారు గొలుసునైనను విప్పి పోవలయును.

పిల్లను తెచ్చుకొనుట, పసివారిని కాచుకొనుట

కుక్కపిల్లను కనులు తెఱచిన పదిదినములకే తల్లినుండి వేఱుచేసి తెచ్చుట మన పల్లెలలో వాడుక. ఎనిమిది వారములు నిండువఱకు తల్లియొద్దనే యుండనీయవలెను. ఎంత గట్టిగా కఱచిన ఎదుటివానికి నొప్పి కలుగునో అది తోడబుట్టినవానితో నాడుకొనుచు నేర్చుకొనును. స్కాట్, ఫుల్లర్ అను అమెరికా పండితులు 1965లో ప్రకటించిన గ్రంథమున, మూడవ వారమునుండి సుమారు పండ్రెండవ వారము వఱకుగల కాలమున కుక్కపిల్ల చూచినదెల్ల దానికి స్నేహమగుననియు, అప్పుడు చూడనిది తరువాత భయహేతువగుననియు నిరూపించిరి. కావున ఆ దినములలో పసిపిల్లలను, ముసలివారిని, మోటారుబండిని, పాలవానిని, గొడుగును, గేదెను నెమ్మదిగా చూపవలెను. ఈ పని పిల్లదనమున నొక నెల చేసినయెడల పదియేండ్లు సుఖము.

ఆడుపిల్లలను సంచిలో కట్టి కాలువగట్టున విడిచివచ్చుటను గుఱించి వ్రాయుటకు మనస్సొప్పకున్నది. భద్రగారి బృందము 364 వీధికుక్కపిల్లలను కనిపెట్టి చూడగా, ఏడునెలల ప్రాయము వఱకు బ్రతికినవి నూటికి 19 మాత్రమేయనియు, చావులలో నూటికి 63 మనుష్యుల కారణముననే సంభవించినవనియు 2016లో తెలిసినది. పశువైద్యునిచేత తల్లికి గర్భనిరోధ శస్త్రచికిత్స చేయించిన ఈ పాపము తప్పును.

కుక్క యెన్నడును చెప్పకుండ కఱవదు. మొదట ముఖము త్రిప్పుకొనును; పెదవి నాకుకొనును; నిద్రరాకున్నను ఆవులించును; కంటి తెల్లగ్రుడ్డు కనబడును; ఒడలు బిగియును; తుదకు గుఱ్ఱుమనును. గుఱ్ఱుమన్నందుకు కొట్టినచో ఆ హెచ్చరికను మానుకొని ఈసారి నేరుగా కఱచును. తోక యూపినంతమాత్రమున సంతోషమని తలపరాదు. తోక నిక్కించి బిగువుగా నూపు కుక్క కోపముతో నున్నది. అన్నము తినుచున్న కుక్కయొద్దకును, నిద్రించు కుక్కయొద్దకును, పిల్లలకు పాలిచ్చు కుక్కయొద్దకును పసివారిని పోనీయరాదు. క్రొత్తకుక్క ఎదురైనపుడు పరుగెత్తక, అఱవక, చేతులు దగ్గఱకు ముడుచుకొని చెట్టువలె నిలువుమని బడిపిల్లలకు నేర్పవలెను.

"కుక్కకాటుకు చెప్పుదెబ్బ" యను సామెత నోటికి వచ్చును గాని, కాటునకు చేయవలసినది వేఱు. గాయమును ధారగా పోయు నీటితోను, సబ్బుతోను పదునైదు నిమిషములు కడుగవలయును. సున్నము, పసుపు, కారము, ఆకుపసరు ఏమియు పూయరాదు, కట్టు కట్టరాదు. వెంటనే ప్రభుత్వ వైద్యశాలకు పోవలెను. రక్తము కాఱిన గాయమునకు టీకాతోబాటు గాయముచుట్టు వేయు వేఱు మందును కలదు; దానిని గుఱించి వైద్యుని అడుగవలెను. బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను వెనుకటి భయముతో నేటికిని కొందఱు వెనుదీయుచున్నారు. ఆ పాతమందు తయారుచేయుట మనదేశమున 2004 చివర నిలిపివేయబడినది. ఇప్పటి టీకాను భుజమున వేయుదురు. ప్రభుత్వ వైద్యశాలలలో చర్మములోనికి వేయు పద్ధతిలో మొదటి దినమును సున్నగా నెంచి 3వ, 7వ, 28వ దినములయందు తక్కినవి వేయుదురు. నడుమ మానరాదు. రోగలక్షణములు కనబడిన పిమ్మట బ్రదికించు మందు లేదు.

కుక్కకు మూడవనెల నిండగానే ఈ రోగమునకు టీకా వేయించి, ఆపైన పశువైద్యుడు చెప్పినట్లు యేటేట వేయించవలెను. 1885 జూలై 6న పాశ్చరు పండితుడు వెఱ్ఱికుక్క కఱచిన బాలునికి మొదటిమాఱు టీకా వేసిన జ్ఞాపకార్థము జూలై 6వ తేదీని ప్రపంచమంతట పాటించుచున్నారు. మన రాష్ట్రమునందలి పశువైద్యశాలలలో ఆనాడు కుక్కలకు ఉచితముగా టీకాలు వేయుట వాడుక. సభ్యులు తమ కుక్కలను మెడపట్టీయు త్రాడును వేసి, ఉదయపు చల్లని వేళ, కోళ్ళ సందడి లేని దారిని నడిపించి తీసికొనిపోవలయును. సూది వేయుచున్నంతసేపు తల నిమురుచు, రెండు ముక్కలు పెట్టుటకు జేబులో ఎండుచేప నుంచుకొనుట మఱువరాదు.